తుప్పు చేసిన శుద్ధి (మన నీళ్ల చరిత్ర – 9వ భాగం)



గత భాగంలో మహాడ్ చవదార్ చెరువు దగ్గర ఆగాం. 1927 మార్చి 20న బాబాసాహెబ్ ఆ చెరువులో దోసిలి ముంచి నీళ్లు తాగారు. ఆయన వెనక వేలమంది తాగారు. ఆ తర్వాత ఊళ్లో సవర్ణులు చేసిన పని కూడా చెప్పుకున్నాం. పెరుగు, పాలు, ఆవు పేడ, మూత్రం నింపిన 108 మట్టికుండలు చెరువులో ముంచి, మంత్రాలు చదివి, నీళ్లు 'శుద్ధి' అయ్యాయన్నారు. మనిషి చేయి తగిలితే చెడిన నీళ్లు పేడ కలిస్తే బాగుపడ్డాయి! పదేళ్ల కోర్టు గొడవ తర్వాత 1937లో బొంబాయి హైకోర్టు మన పక్షాన తీర్పు చెప్పింది.

ఇవాళ ఆ 'శుద్ధి' అన్న మాటనే ఇంకో వైపు నుంచి పట్టుకుందాం. నీళ్లలో నిజంగా విషం ఉంటే దాన్ని తీసేది ఏది? దీనికి దొరికిన జవాబుల్లో నాకు బాగా నచ్చినది మిషన్ షాపుల్లో లేత్ కింద రాలిపడే ఇనుప తరుగు. ఊడ్చి మూలకు తోసేది, కాటాకేసి పాత సామాన్ల వాడికి అమ్మేసేది. ఆ చెత్త కోట్లమందికి పట్టిన విషాన్ని నీళ్లలోంచి లాగగలదని రుజువైంది. ఆ కథ మనదెందుకయ్యిందో చెప్పాలంటే ముందు బోరింగు గురించి చెప్పాలి.

మన వాడల్లో బోరింగు అంటే ఒక ఇనుప పంపు మాత్రమే కాదు. అంతకుముందు ఊరబావి దగ్గర కడవ పెట్టుకుని ఎవరో దయతలచి చేద వేసి పోసేదాకా నిలబడిన ఆడవాళ్లను అడగండి. పోసేవాళ్లు పైనుంచి పోస్తారు, కడవకు చేద తగలకూడదు. పోయకపోతే కుంట నీళ్లే గతి. అలాంటి చోట ప్రభుత్వం వాడ మధ్యలో గొట్టం దింపి, చేతిపిడి పెట్టి, కొట్టుకుంటే నీళ్లు వస్తాయి పొమ్మంది. యూనిసెఫ్ తోడ్పాటుతో 1970ల చివరి నుంచి దేశమంతా పాతిన ఇండియా మార్క్ 2 పంపులు అవే. ఆ నీళ్లకు కులపెద్ద లేడు, మైల లేదు, అడుక్కోవడం లేదు. రిజర్వేషన్ ఉద్యోగం కన్నా ముందే చాలా వాడలకు అందిన స్వేచ్ఛ అది. ఈ మాట నేను ఉద్వేగంతో అనడం లేదు, లెక్కగానే అంటున్నాను.

అయితే ఆ గొట్టం ఎక్కడిదాకా దిగిందో, అక్కడ రాయిలో, మట్టిలో ఏముందో చూసినవాళ్లు లేరు. మన వైపు ఫ్లోరైడ్ వచ్చింది. బెంగాల్‌లో పాషాణం వచ్చింది. అవును, పాత కథల్లో విషప్రయోగానికి వాడే పాషాణమే, ఆర్సెనిక్.

బెంగాల్ గురించి కొంచెం నెమ్మదిగా చెప్తాను. నామశూద్రుల గురించి మొదటి భాగాల్లోనే రాశాను. ఒకప్పుడు చండాలురని పిలిచినవాళ్లు, హరిచాంద్ ఠాకూర్ నడిపిన మతువా ఉద్యమం వాళ్లు. 1946లో బొంబాయిలో దారులు మూసేస్తే బాబాసాహెబ్‌ను బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకు పంపింది జోగేంద్రనాథ్ మండల్, ఆయన వెనక నిలబడిన మనవాళ్లే. మతువాల పుట్టిల్లు ఒరకండి ఇప్పటి బంగ్లాదేశ్‌లో గోపాల్‌గంజ్ జిల్లాలో ఉంది. దేశవిభజన తర్వాత ఇటువైపు వచ్చినవాళ్లు కట్టుకున్న ఠాకూర్‌నగర్ ఉత్తర 24 పరగణాల గాయిఘాటా బ్లాకులో ఉంది. ఇప్పుడు ఆర్సెనిక్ మ్యాపు తీసి చూడండి. బంగ్లాదేశ్‌లో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో గోపాల్‌గంజ్ ఒకటి. పశ్చిమ బెంగాల్‌లో బాగా దెబ్బతిన్న బ్లాకుల్లో గాయిఘాటా ఒకటి. సరిహద్దు దాటి వచ్చినా కాళ్ల కింద ఉన్నది అదే ఒండ్రు, అదే నీరు.

(దీన్ని కులం కుట్ర అని ఎవరూ చదవొద్దు. భూమికి కులం తెలియదు. ఆ విషం తాగినవాళ్లలో ఎక్కువమంది ముస్లిం రైతులు. కాకపోతే డబ్బున్నవాడు లోతైన బోరు వేసుకుంటాడు, లేదా పట్నం పోతాడు. మిగిలేవాళ్లు ఎవరో మనకు తెలుసు.)

అక్కడ గొట్టపు బావుల కథ మంచి ఉద్దేశంతోనే మొదలైంది. చెరువు నీళ్లు తాగి పిల్లలు కలరా, విరేచనాలతో చనిపోతుంటే, యూనిసెఫ్, ప్రభుత్వం కలిసి 1970ల నుంచి తక్కువ లోతు గొట్టపు బావులు వేయించాయి. చూసి జనం సొంతంగానూ వేయించుకున్నారు. చివరికి బంగ్లాదేశ్‌లో అవి కోటి దాకా అయ్యాయి. 1983లో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవైద్యుడు కె.సి. సాహా దగ్గరికి పల్లెల నుంచి వచ్చిన రోగులకు ఛాతీ మీద వానచినుకుల్లాంటి మచ్చలు, అరచేతుల్లో అరికాళ్లలో గట్టి కాయలు కనిపించాయి. అది ఆర్సెనిక్ అని ఆయన గుర్తుపట్టారు. 1988 నుంచి జాదవ్‌పూర్ యూనివర్సిటీకి చెందిన దీపాంకర్ చక్రవర్తి ఊరూరూ తిరిగి నీళ్లు పరీక్షించి, ఎంత చెప్పినా వినని ప్రభుత్వాలతో ఏళ్ల తరబడి కొట్లాడారు. బంగ్లాదేశ్‌లో మొదట బయటపడింది 1993లో, చాపాయ్ నవాబ్‌గంజ్‌లో. 1998-99 సర్వే ప్రకారం 3.5 కోట్ల మంది లీటరుకు 50 మైక్రోగ్రాములకు మించిన ఆర్సెనిక్ నీళ్లు తాగుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 10. ఆ లెక్కన చూస్తే 5.7 కోట్లు.

మచ్చలతో పోయేది కాదది. చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయం, ఎక్కడైనా క్యాన్సర్ కావచ్చు. అంతకుముందే ఇంకో శిక్ష పడుతుంది. మచ్చలు చూసి కుష్ఠు అనుకుని దూరం పెట్టడం, పిల్లకు పెళ్లి కాకపోవడం, పెళ్లయినదాన్ని పుట్టింటికి పంపడం. అంటరానితనం నుంచి విడిపించిన నీళ్లే కొత్త అంటరానితనం తెచ్చిపెట్టాయి. ప్రభుత్వం, సంస్థలు కలిసి పరీక్షించి మంచి బావికి ఆకుపచ్చ రంగు, విషపు బావికి ఎర్ర రంగు వేశాయి. దాదాపు 14 లక్షల బావులు ఎర్రబడ్డాయి. రంగు వేసినవాళ్లు వెళ్లిపోయారు. ఎర్రబావి తప్ప ఇంకేదీ లేని ఇల్లు ఆ సాయంత్రం ఏ నీళ్లు తాగాలి?

ఒక కోర్టు కథ కూడా ఉంది. 1992లో బ్రిటిష్ జియలాజికల్ సర్వే బంగ్లాదేశ్ బావుల నీళ్లు పరీక్షించింది. చాలా మూలకాలు చూసింది, ఆర్సెనిక్ చూడలేదు. ఒక బంగ్లాదేశ్ గ్రామస్థుడు ఆ సంస్థ వెనకున్న పరిశోధన మండలి మీద లండన్‌లో కేసు వేశాడు. 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కొట్టేసింది. అతని పట్ల ఆ సంస్థకు చట్టపరమైన బాధ్యత లేదంది. చవదార్ చెరువు కేసు గెలవడానికి మనకు పదేళ్లు పట్టిందని బాధపడతాం. ఈయన కేసు విచారణ దాకా కూడా పోలేదు.

సరే, విషం నీళ్లలోకి ఎలా వచ్చింది? ఇక్కడే ఇనుము వస్తుంది. వేల ఏళ్లుగా గంగ, బ్రహ్మపుత్ర హిమాలయాల నుంచి మోసుకొచ్చిన ఒండ్రులో ఇసుక రేణువుల చుట్టూ పలచగా తుప్పు పూత ఉంటుంది. ఆర్సెనిక్ ఆ తుప్పును అంటిపెట్టుకుని ఉంటుంది. అలా ఉన్నంతకాలం ఎవరికీ ఏమీ కాదు. ఒండ్రు కింద ఆకూ అలమూ కుళ్లి, ప్రాణవాయువు అందని చోట బతికే సూక్ష్మజీవులు గాలికి బదులుగా ఆ తుప్పును వాడుకుంటాయి. తుప్పు కరుగుతుంది. దాన్ని పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ నీళ్లలో కలుస్తుంది. అందుకే ఆ గొట్టపు బావుల నీళ్లు చాలాచోట్ల ఇనుము వాసన కొడతాయి, కుండలో రాత్రంతా ఉంచితే ఎర్రగా పేరుకుంటాయి. అలా పేరుకున్నప్పుడు కొంత ఆర్సెనిక్ కూడా దానితోపాటు అడుగుకు పోతుంది. అంటే ఇనుము వదిలేసిన విషాన్ని ఇనుమే మళ్లీ పట్టుకుంటుంది, దాన్ని గాలి తగిలేలా నీళ్లలో తుప్పుపట్టనిస్తే చాలు.

ఈ తెలివి కొత్తదేమీ కాదు, మధ్యలో మరిచిపోయారంతే. 1870లలో గుస్తావ్ బిషోఫ్ అనే రసాయన శాస్త్రవేత్త గుల్లగా ఉండే ఇనుముతో నీళ్లు వడకట్టే ఫిల్టర్లు తయారుచేశాడు. 1881లో బెల్జియంలోని ఆంట్వెర్ప్ పట్టణానికి నీళ్లిచ్చిన ఇంగ్లీషు కంపెనీ నెతె నది మురికి నీళ్లను ఆ ఇనుము, కంకర కలిపిన పడకల మీదుగా పంపింది. నీళ్లు బాగానే తేటపడ్డాయి. వాడకం పెరిగేసరికి పడకలు గట్టిపడి మూసుకుపోయాయి. అప్పుడు విలియం ఆండర్సన్ అనే ఇంజనీరు ఇంకో ఉపాయం చేశాడు. పెద్ద ఇనుప పీపాను అడ్డంగా పెట్టి తిప్పుతూ, లోపల పలకలతో ఇనుప ముక్కల్ని, తరుగును పైకెత్తి నీళ్లలోకి జల్లుతూ ఉండేలా చేశాడు. ముక్కలు ఒకదానికొకటి రాసుకుంటూ తిరుగుతాయి కాబట్టి అంటుకుని దిమ్మకట్టవు. ఆ తర్వాత 20వ శతాబ్దం మొదట్లో క్లోరిన్ వచ్చింది, చౌక, సులువు. ఇనుప పీపాలు మూలన పడ్డాయి. 'మూసుకుపోవడం' అన్న ఆ జబ్బును గుర్తుపెట్టుకోండి, నూరేళ్ల తర్వాత కుష్టియాలో మళ్లీ ఎదురవుతుంది.

రెండోసారి ఇనుము గుర్తొచ్చింది కెనడాలో, 1984లో. వాటర్లూ యూనివర్సిటీలో గ్లెన్ రెనాల్డ్స్ అనే విద్యార్థి భూగర్భ జలం నమూనాలు తీసే గొట్టాలు ఏ పదార్థంతో ఉంటే మంచిదో పరీక్షిస్తున్నాడు. లోహం తగిలినచోట నీళ్లలోని క్లోరిన్ రసాయనాలు తగ్గిపోతున్నాయని చూశాడు. ప్రొఫెసర్ రాబర్ట్ గిల్హామ్ దాన్ని పట్టుకుని ముందుకు పోయాడు. ఆ రసాయనాల్లో ముఖ్యమైనది ట్రైక్లోరోఇథిలీన్. అది ఎందుకు వాడతారో తెలుసా? ఫ్యాక్టరీల్లో లోహపు భాగాలకు అంటిన గ్రీజు కడగడానికి. లోహపు పరిశ్రమ నేలలోకి వదిలిన విషాన్ని లోహపు పరిశ్రమ ఊడ్చిపారేసిన ఇనుప రజనే విరగ్గొడుతుందని తేలింది. 1991లో ఒంటారియోలోని బోర్డెన్ దగ్గర ఇనుప రజను, ఇసుక కలిపి నేలలో గోడలా పాతి చూశారు. నీరు తనంతట తానే ఆ గోడలోంచి పారుతుంది, విషం గోడలో ఆగుతుంది. పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. 1996లో అమెరికాలోని ఎలిజబెత్ సిటీలో క్రోమ్ పూత వేసే షెడ్డు నుంచి నేలలోకి దిగిన క్రోమియాన్ని ఆపడానికి 46 మీటర్ల పొడవు, 7 మీటర్ల పైచిలుకు లోతున ఇనుప గోడ పాతారు. నీళ్లలో కరిగి పారే ప్రమాదకరమైన క్రోమియం ఇనుము తగిలి కరగని రకంగా మారి అక్కడే పేరుకుపోయింది.

మంచి సైన్సే. కానీ 1992లోనే దాని చుట్టూ కంపెనీ వచ్చింది, 1993లో అమెరికా పేటెంట్ వచ్చింది. కనిపెట్టినవాడికి ప్రతిఫలం వద్దని నేననను. చెత్త ఇనుము ఎవరి దగ్గరైనా ఉంటుంది, దాన్ని గోడగా పాతే హక్కుకు మాత్రం ధర పడింది. ఆ ధర పెట్టగలిగింది సైనిక స్థావరాలు, పెద్ద ఫ్యాక్టరీలు. 14 లక్షల ఎర్రబావుల వాళ్లు ఆ లెక్కలోకి రారు.

వాళ్ల దగ్గరికి ఇనుము ఇంకో దారిలో చేరింది. కుష్టియా బంగ్లాదేశ్‌లో పడమటి వైపు ఉన్న జిల్లా పట్టణం. అక్కడ పుట్టిన అబుల్ హుస్సామ్ అమెరికాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీలో రసాయన శాస్త్రం చెప్పేవాడు. 1990ల చివర్లో తన సొంత ఊరి బావుల నీళ్లను అన్నదమ్ములతో కలిసి పరీక్షించడం మొదలుపెట్టాడు. మొదట చేసింది ఆర్సెనిక్ కచ్చితంగా కొలిచే పద్ధతి. కొలిచాక ఊరుకుంటే రంగు వేసి వెళ్లిపోయినవాళ్లకీ ఇతనికీ తేడా లేదు. అందుకే ఫిల్టర్ మీద పడ్డాడు.

బెంగాల్ పల్లెల్లో మూడు కుండలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఇసుక, బొగ్గుతో నీళ్లు వడకట్టే అలవాటు ఎప్పటినుంచో ఉంది. కుండను కొల్షి అంటారు. పై కుండలో ఇసుకతో పాటు స్థానిక మిషన్ షాపుల ఇనుప తరుగు వేశారు. ఆర్సెనిక్ పడిపోయింది, పరీక్షల్లో మంచి ఫలితాలొచ్చాయి. ఖర్చు కొన్ని డాలర్లే. కొన్ని నెలలకు ఆంట్వెర్ప్ జబ్బు తిరగబెట్టింది. తరుగు తుప్పుపట్టి ఒక్క దిమ్మగా బిగిసిపోయి నీళ్లు దిగడం మానేశాయి. కొన్నిచోట్ల బ్యాక్టీరియా పెరిగింది. ఆండర్సన్ దగ్గర తిప్పడానికి ఆవిరి యంత్రం ఉంది, పల్లెటూరి ఇల్లాలు కుండను రోజంతా తిప్పుతూ కూర్చోదు కదా.

హుస్సామ్ బృందం ఏళ్లపాటు ఆ తరుగుతోనే కుస్తీపట్టింది. చివరికి పోత ఇనుము తరుగును ముందే శుద్ధిచేసి, గట్టిగా ఉన్నా నీళ్లు పారేలా గుల్లగా ఉండే పొరగా మార్చారు. మూడు కుండలు పోయి రెండు ప్లాస్టిక్ బకెట్లు వచ్చాయి. పై బకెట్‌లో ముతక ఇసుక, ఈ ఇనుప పొర. కింద బకెట్‌లో ఇసుక, బొగ్గు, ఇటుక ముక్కలు. పైన పోస్తే కింద మంచినీళ్లు, గంటకు 20 లీటర్ల పైన. అప్పట్లో ధర 35-40 డాలర్లు ఉండేది. రసాయనం కలపక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. లోపల జరిగేది మాత్రం ఆ ఒండ్రులో జరిగినదానికి సరిగ్గా తలకిందులు. ఇనుము తుప్పుపడుతుంది, ఆ తుప్పు పుడుతూనే ఆర్సెనిక్‌ను పట్టుకుంటుంది. కుష్టియాలో వాళ్ల కుటుంబంవాళ్ల 'సోనో' డయాగ్నస్టిక్ సెంటర్ పేరే దానికి పెట్టారు. 2007లో అమెరికా ఇంజనీరింగ్ అకాడమీ పది లక్షల డాలర్ల గ్రెయింజర్ బహుమతి ఇచ్చింది. అందులో ఎక్కువ భాగం ఫిల్టర్లు పంచడానికే పెడతానని ఆయన ప్రకటించాడు. అప్పటికే పదుల వేల ఇళ్లలో ఆ బకెట్లు ఉన్నాయి.

నాకు ఇందులో నచ్చిన సంగతి బహుమతి కాదు. సరుకు ఎక్కడిదో చూడండి: నది ఇసుక, వంటింటి బొగ్గు, పగిలిన ఇటుక, లేత్ తరుగు. బయటి దేశం నుంచి ఓడలో రావలసింది ఏదీ లేదు. అదే పోటీలో మూడో బహుమతి అమెరికా సబ్బుల కంపెనీ ప్రోక్టర్ అండ్ గాంబుల్ పొట్లాలకు వచ్చింది. వాటిలోనూ పనిచేసేది ఇనుప లవణమే, తోడు క్లోరిన్ పొడి. కాకపోతే పొట్లం అయిపోతే మళ్లీ కొనాలి.

ఇంతవరకూ బాగుంది. ఇప్పుడు చేదు సంగతి. ప్రతి ఇంటికీ బకెట్ ఇవ్వలేక ప్రభుత్వాలు ఊరికో ప్లాంటు పెట్టాయి. పశ్చిమ బెంగాల్‌లో బారుయీపూర్ దగ్గర 11 కంపెనీల 18 ఆర్సెనిక్ ప్లాంట్లు పెట్టి చూసిన ప్రయోగం ఉంది. దీపాంకర్ చక్రవర్తి బృందం వాటిని రెండేళ్లు పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించింది. ఒక్కటీ నిలకడగా 10 మైక్రోగ్రాముల లోపు నీళ్లు ఇవ్వలేకపోయింది. కారణం రసాయన శాస్త్రంలో లేదు. కడగాల్సిన రోజు కడిగేవాడు లేడు, మార్చాల్సిన రోజు మార్చేవాడు లేడు, నీళ్లు పరీక్షించేవాడు అసలే లేడు. మన వాడల్లో రిబ్బన్ కట్ చేసిన ఫొటో ఉండి నీళ్లు రాని ప్లాంట్లు చూసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

మన ఫ్లోరైడ్ సంగతికి వద్దాం. చాలామంది నల్లగొండతోనే మొదలుపెడతారు. మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బు మీద మొదటి పెద్ద పరిశోధన 1937లో షార్ట్, ఆయన సహచరులు అచ్చువేసినది. అది అప్పటి మద్రాసు రాష్ట్రంలో, నెల్లూరు జిల్లా పల్లెల గురించి. నడుము వంగని, మెడ తిప్పలేని మనుషుల్ని బ్రిటిష్ డాక్టర్లు అప్పుడే ఎక్స్‌రే తీసి చూశారు. అంటే తెలుగు పల్లెల్లో బోర్లు దించిన ప్రతి ప్రభుత్వానికీ ఈ సంగతి ముందే తెలిసి ఉండాల్సింది.

ఫ్లోరైడ్ మీద ఇనుము అంతగా పనిచేయదు. దానికి అల్యూమినియం కావాలి. నాగపూర్ నీరీ సంస్థ 1970లలో తయారుచేసిన 'నల్లగొండ పద్ధతి' అదే. పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపి తిప్పితే మడ్డిలో ఫ్లోరైడ్ కూడా దిగుతుంది. మన జిల్లా పేరు ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, ఆఫ్రికాలోనూ వాడి చూశారు. నల్లగొండ వాడలకు దాకా కృష్ణ నీళ్లు రావడానికి మాత్రం మరికొన్ని తరాల ఎముకలు వంగాయి.

ఇక్కడ ఇంకో పారిశ్రామిక లోహపు చెత్త వస్తుంది. బాక్సైట్ నుంచి అల్యూమినా తీశాక మిగిలే ఎర్ర బురద. టన్ను అల్యూమినాకు టన్ను, టన్నున్నర దాకా మిగులుతుంది. ఘాటైన క్షారం. 2010 అక్టోబర్ 4న హంగేరీలో అయ్‌కా దగ్గర దాని కట్ట తెగి ఊళ్ల మీద పడితే పదిమంది చనిపోయారు. ఆ బురదలో ఇనుము, అల్యూమినియం రెండూ ఉంటాయి కాబట్టి, ఆమ్లంతో కడిగి నీళ్లు వడకట్టొచ్చని చాలామంది చూశారు. టర్కీ పరిశోధకులు 2002లో అది ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుందని చూపించారు. ఆర్సెనిక్ మీదా పరిశోధనలు ఉన్నాయి. ప్రయోగశాలలో పనిచేస్తుంది, నిజమే.

కానీ నేను ఇక్కడ కాసేపు ఆగుతాను. దామన్‌జోడిలో నాల్కో రిఫైనరీ బురద చెరువులు కోరాపుట్ ఆదివాసుల నేల మీద ఉన్నాయి. 2013లో నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వొద్దని తేల్చిచెప్పాయి. మన విశాఖ మన్యంలో ఆదివాసులు అదే బాక్సైట్ కోసం ఏళ్లు పోరాడి జీవోలు వెనక్కి తీయించారు. అలాంటప్పుడు ఎవరైనా వచ్చి 'బురద గురించి భయపడకండి, దానితో నల్లగొండకు నీళ్లు శుద్ధిచేస్తాం' అంటే, కొండ పోగొట్టుకున్నవాడి గాయాన్ని నడుము వంగినవాడికి మందుగా అమ్మడమే. ఉన్న బురదను వాడండి, వద్దనను. దాన్ని చూపించి కొత్త కొండ అడగొద్దు. లేత్ తరుగుకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. తరుగు కోసం ఎవరూ కొత్తగా లేత్ పెట్టరు.

ఇక మిగిలింది నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే ప్రశ్న. ఫిల్టర్ విషాన్ని చంపదు. ఆర్సెనిక్ మూలకం, అది కాలదు, కుళ్లదు. నీళ్లలోంచి తుప్పులోకి మారుతుంది, అంతే. ఆ తుప్పు నిండిన రోజు దాన్ని చేత్తో ఎత్తేది ఎవరు? ఎక్కడ పోస్తారు? బెంగాల్ ప్లాంట్ల చుట్టూ తిరిగినవాళ్లు ఆ మడ్డిని పక్కనే చెరువు గట్టున, కాలవలో పారబోయడం చూశారు. పైన చెప్పిన రసాయనం గుర్తుతెచ్చుకోండి. గాలి తగిలినంతసేపు తుప్పు విషాన్ని వదలదు. చెరువు బురదలో, చెత్తగుంట అడుగున గాలి ఆడని చోట పడేస్తే సూక్ష్మజీవులు మళ్లీ తుప్పును కరిగిస్తాయి, మళ్లీ ఆర్సెనిక్ బయటికొస్తుంది. ఏళ్ల తరబడి పోగుచేసిన విషం ఒకేచోట, ఎక్కువ గాఢంగా.

దీన్ని ముందే ఆలోచించినవాళ్లు లేకపోలేదు. 2007 పోటీలో రెండో బహుమతి పొందిన అరూప్ సేన్‌గుప్తా, లీహై యూనివర్సిటీ ప్రొఫెసర్, పశ్చిమ బెంగాల్ ఊళ్లలో పెట్టించిన ప్లాంట్లలో మడ్డిని పారబోయరు. పక్కనే ముతక ఇసుక తొట్టి కట్టి, గాలి ఆడేలా తెరిచి, అందులోనే ఉంచుతారు. ఊరి కమిటీ ఇంటికింత అని నెలనెలా వసూలుచేసి దాన్ని చూసుకుంటుంది. ఇందులో గొప్ప టెక్నాలజీ లేదు, ఒక తొట్టి, కొంత ఇసుక, ఒక మనిషికి జీతం.

ఆ మనిషి గురించే నా గోల. 2013 చట్టం చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించింది. దాని నిర్వచనంలో ఉన్నది మనిషి మలమే. ఫిల్టర్ మడ్డి, ప్లాంటు బురద, ఎర్ర రంగు తుప్పు అందులోకి రావు. పంచాయతీలో ప్లాంటు కడగాల్సి వచ్చినప్పుడు ఏ వాడకు కబురొస్తుందో, చేతికి తొడుగు లేకుండా ఎవరి కొడుకు తొట్టిలో దిగుతాడో నేను రాయనక్కర్లేదు. మీ ఊళ్లో నీళ్ల ప్లాంటు ఉంటే ఈ వారం వెళ్లి మూడు సంగతులు కనుక్కోండి: లోపలి సరుకు చివరిసారి ఎప్పుడు మార్చారు, తీసిన మడ్డి ఎక్కడ పోశారు, దించిన మనిషికి ఎంత ఇచ్చారు. నాకు రాసి పంపండి. జిల్లాలవారీగా పోగుచేస్తున్నాను.

పదో భాగం తోళ్లూ, క్రోమియం గురించి. రాణిపేట వైపు వెళ్లాలి.